మధుమేహము : తన శరీరమును తానెఱుఁగుట

మానవ శరీరమునకు సంభవించు వ్యాధులు స్థూలముగా రెండు విధములు. కొన్ని వచ్చి పోవునవి. కొన్ని వచ్చి నిలుచునవి. చలిజ్వరము మొదటి తెగలోనిది. వైద్యుఁడు మందిచ్చును, రోగి పుచ్చుకొనును, కొలఁది దినములలో జ్వరము విడుచును. అంతటితో ఇరువురి పనియుఁ దీఱును. మధుమేహము, అనఁగా జనులు చక్కెర వ్యాధి యనియు షుగరు అనియు వాడుకగాఁ జెప్పుకొనునది, రెండవ తెగలోనిది. ఇందు వైద్యుఁడు నెలకో రెండు నెలలకో ఒక్కమాఱు, పది నిమిషముల సేపు రోగిని జూచును. తక్కిన దినములన్నిటను ఏమి తినవలెను, ఎంత నడువవలెను, మందెప్పుడు వేసికొనవలెను అను నిర్ణయములను రోగియే చేసికొనవలసి యున్నది. కావున ఈ వ్యాధిలో రోగియు సగము వైద్యుఁడు కావలెను.

ఈ సంగతిని గుర్తింపమివలన మన ప్రాంతమున రెండు విధములైన హాని కలుగుచున్నది. కొందఱు పొరుగువారిని జూచి వారి మార్గమునే పట్టుదురు. "మా బావగారికి ఈ పొడితో తగ్గినది, నీవును వాడి చూడుము" అన్న మాట మీఁద చేతనున్న మాత్రలను మానివేయుదురు. మఱికొందఱు వైద్యుఁడు వ్రాసి యిచ్చిన ఆహారపట్టికను జూచి, అది తమ యింట జరుగు పని కాదని నిరాశ చెంది, మొదటి వారములోనే దానిని చూరులోఁ జెక్కి మఱచిపోవుదురు. ఈ రెంటికిని నడుమ మూఁడవ మార్గమొకటి కలదు. వైద్యుఁడు గీసిన హద్దులలో నిలిచి, తన శరీరమును తాను కొలిచి చూచుకొని, తన పనికిని, తన యింటి వంటకును, తన చేతి డబ్బునకును తగిన పద్ధతిని కనుఁగొనుటయే ఆ మార్గము. దానిని వివరించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

బడి పత్రికలో ఈ ప్రస్తావన యేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. మన విద్యార్థులలోఁ బెక్కండ్ర యిండ్లలో మందుచీటిని చదువఁగలవారు ఆ పిల్లలే. తాతగారికి సూదిమందు కొలిచి యిచ్చువారును, అమ్మ వ్రేలిని గ్రుచ్చి యంత్రము మీఁది యంకెను చదివి చెప్పువారును వారే. అంతియ కాక ఈ వ్యాధి బాలబాలికలకును వచ్చును. ఆ విషయము తెలియని యిండ్లలో బిడ్డల ప్రాణములకే ముప్పు వాటిల్లును.

వ్యాధి స్వరూపము

మనము తిను అన్నము, రొట్టె, పండు మొదలగువానిలోని పిండిపదార్థము కడుపులో జీర్ణమై గ్లూకోసు అను చక్కెరగా మాఱి నెత్తురులోఁ జేరును. ఈ చక్కెర శరీరమునకుఁ గావలసిన వంటచెఱకు వంటిది. అయితే అది నెత్తురులో నుండి కణములలోనికిఁ బోవుటకు ఇన్సులిను అను రసము తోడ్పడవలెను. కడుపులోని క్లోమగ్రంథి దీనిని తయారు చేయును. ఇన్సులినును తలుపు తెఱచు తాళపుచెవితోఁ బోల్చుట కద్దు. తాళపుచెవి లేకున్నను, తాళము త్రుప్పు పట్టి తిరుగకున్నను తలుపు తెఱచుకొనదు. చక్కెర నెత్తురులోనే నిలిచిపోవును.

తాళపుచెవియే లేకపోవుట మొదటి రకపు మధుమేహము. ఇది తఱచుగాఁ బిన్నవయసున, తల్లిదండ్రులలో నెవరికిని లేకున్నను, హఠాత్తుగా వచ్చును. వీరికి ఇన్సులిను తప్ప వేఱు మందు లేదు. తాళము త్రుప్పు పట్టుట రెండవ రకము. పెద్దలలోఁ గనఁబడునది చాలవఱకు ఇదియే. ఇది మెల్లఁగా వచ్చును. వంశపారంపర్యము, నడుము చుట్టు క్రొవ్వు, పని లేని జీవనము దీనికి దోహదము చేయును. గర్భిణీ స్త్రీలకు వచ్చునది మూఁడవది. ప్రసవానంతరము అది పెక్కుమందికిఁ బోయినను, ముందు ముందు రెండవ రకము వచ్చునేమో యని కనిపెట్టి యుండవలెను.

మూత్రము తియ్యనగుటయు, దానికిఁ జీమలు పట్టుటయు మన పూర్వ వైద్యులు ఎన్నఁడో గమనించిరి. చరక సుశ్రుత సంహితలలో ఈ వ్యాధి వర్ణన కలదు. నేఁడు నెత్తురును పరీక్షించి నిర్ణయించుచున్నారు. పరగడుపున ఒక డెసిలీటరు నెత్తురులో చక్కెర 100 మిల్లీగ్రాములకు లోఁబడి యుండుట ఆరోగ్యలక్షణము. 100 నుండి 125 వఱకు హెచ్చరిక. 126 గాని అంతకు మించి గాని యుండి, మఱల పరీక్షించినను అట్లే యున్నచో మధుమేహమని నిశ్చయింతురు. గడచిన మూఁడు నెలల సగటును దెలుపు హెచ్‌బిఏ1సి అను పరీక్షలో 6.5 గాని అంతకు మించి గాని వచ్చినను అదియే యర్థము.

ఇన్సులినుకు ముందు, తరువాత

1922వ సంవత్సరమునకు ముందు మొదటి రకపు మధుమేహము సోఁకిన బిడ్డ బ్రతుకుట కల్ల. ఆ కాలమున అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యుఁడు ఆహారమును మిక్కిలి తగ్గించి రోగుల ఆయువును కొలఁదిగాఁ బొడిగించుచుండెను. ఆ దేశపు విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ గారి కుమార్తె ఎలిజబెత్ 1919లో, పదునొకండేండ్ల ప్రాయమున, ఈ వ్యాధి బారిఁ బడి ఆ పద్ధతిననుసరించెను. 1922లో ఆమెను కెనడా దేశపు టొరాంటో నగరమునకుఁ గొనిపోవునప్పటికి, పదునైదేండ్ల ఆ బాలిక బరువు సుమారు 20 కిలోలు మాత్రమే.

ఆ నగరముననే 1921 వేసవిలో ఫ్రెడరిక్ బాంటింగు, చార్లెస్ బెస్టు అనువారు మెక్లియాడు ఆచార్యుని ప్రయోగశాలలో ఇన్సులినును వేఱు చేసిరి. 1922 జనవరి 11వ తేదీన లెనార్డు థాంసను అను పదునాలుగేండ్ల బాలునకు మొదటి సూది వేసిరి. అది సరిగాఁ బనిచేయలేదు. జేమ్సు కాలిపు అను రసాయనవేత్త దానిని శుద్ధి చేయఁగా, అదే నెల 23వ తేదీన మఱల ఇచ్చిరి. ఆ బాలుఁడు కోలుకొనెను. బాంటింగు, మెక్లియాడులకు 1923లో నోబెలు బహుమానము వచ్చినది. కనుఁగొన్నవారు తమ హక్కులను తలకొక డాలరునకే టొరాంటో విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. ఎలిజబెత్ కోలుకొని, వివాహమాడి, మువ్వురు బిడ్డలను గని, 1981 వఱకు జీవించెను.

మన గుంటూరునకు ఈ కాలగణనమును అన్వయించి చూచినచో దీని విలువ తెలియఁగలదు. డాక్టరు ఆనా కుగ్లరు గారు 1883లో ఇచ్చటికి వచ్చి స్త్రీలకును శిశువులకును వైద్యము చేయ నారంభించిరి. వారి సేవాకాలములో మొదటి ముప్పది తొమ్మిది సంవత్సరములు ఇట్టి బిడ్డను రక్షింపఁగల మందు లోకమున నెచ్చటను లేదు. వారు 1930లో పరమపదించునాఁటికి ఇన్సులిను వయస్సు ఎనిమిదేండ్లు మాత్రమే. అంతటి దుర్లభ వస్తువు నేఁడు మన పట్టణములలోని మందుల దుకాణములలో దొరకుచుండఁగా, పసరు మందును నమ్మి బిడ్డకు ఇన్సులిను మాన్పించుట ఎంతటి యనర్థమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

మన సీమలో ఇది యేల పెరిగినది?

శ్రీనాథునివని చెప్పఁబడు చాటువులలో పలనాటి జొన్నకూటి ప్రస్తావన ప్రసిద్ధము. నిన్న మొన్నటి వఱకు పలనాటను, ఒంగోలు పడమటి సీమను జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగ మున్నగునవి పేదల నిత్యాహారము. వరియన్నము పండుగనాఁటి వంటకము. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ నీరు గుంటూరు ప్రకాశము సీమలను దడిపినది. 1983లో ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకే ఇచ్చు పథకమును బెట్టినది. ఆఁకలి తీఱినది, ఇది గొప్ప మేలు. అయితే ఒక్క తరములోనే పళ్ళెములో తెల్లని యన్నము మూఁడు పూటల వస్తువైనది. అదే కాలమున నాగలికి మాఱు ట్రాక్టరును, కాలినడకకు మాఱు మోటారు సైకిలును వచ్చినవి. తిండి పెరిగి కష్టము తఱిగినది. శరీరము మాత్రము వెనుకటి తాతలదే.

గోదావరి జిల్లాలలోని 20 గ్రామములలో 30 ఏండ్లు దాఁటిన 4,535 మందిని పరీక్షించి 2006లోఁ బ్రకటించిన ఫలితములను బట్టి నూటికి సుమారు 13 మందికి మధుమేహమున్నది. వారిలో సగము మందికిఁ బైగా తమకు వ్యాధి యున్నట్లే తెలియదు. భారత వైద్య పరిశోధన మండలి వారి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలనలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమును, 13 కోట్ల 60 లక్షల మందికి దాని పూర్వస్థితియు నున్నట్లు లెక్కింపఁబడినది. ఇది పట్టణవాసుల వ్యాధి యనియు, ధనవంతుల వ్యాధి యనియు అనుకొనుట ఇఁక చెల్లదు.

ఒకే మందు, వేఱు వేఱు మనుష్యులు

ఇజ్రాయిలు దేశమున 2015లో 800 మందికి చక్కెరను ఎడతెగక కొలుచు చిన్న యంత్రములను వారము దినములు తగిలించి చూచిరి. ఒకే ఆహారమును తిన్నను కొందఱికి చక్కెర మిక్కిలిగాఁ బెరిగెను, కొందఱికిఁ గొలఁదిగనే పెరిగెను. కావున ఒకరి కడుపు సాక్ష్యము మఱియొకరికిఁ జెల్లదు.

మన ప్రాంతమున నిత్యము కానవచ్చు ముగ్గురిని ఉదాహరణముగాఁ దీసికొందము. గుంటూరు మిరపయార్డులో టిక్కీలు మోయు హమాలీ యొకఁడు. వానికి నడక చాలదని చెప్పుట హాస్యాస్పదము. వాని చిక్కు వేఱు: తెల్లవాఱుజామున మాత్ర వేసికొని, సద్ది తినక పనిలోఁ దిగినచో, కొన్ని రకముల మాత్రలవలన చక్కెర ఉన్నట్టుండి పడిపోయి, బరువుతో సహా క్రిందఁ గూలవచ్చును. మిరపకాయలకుఁ దొడిమలు తీయు స్త్రీ యొకతె. ఆమె పొద్దస్తమానము కదలక కూర్చుండును. మధ్యాహ్నము క్యారేజిలోని యన్నమును గోంగూరతోఁ దినును. ఆమెకు అన్నము తగ్గించుటయు, తిన్న పిదప కాలుగంట నడచుటయు ముఖ్యము. మూఁడవవాఁడు మొదటి రకపు వ్యాధి గల పాఠశాల బాలుఁడు. వానికి తిండి తగ్గింపఁగూడదు. ఎదుగు బిడ్డ కడుపునిండఁ దినవలెను, దానికిఁ దగిన ఇన్సులిను వేసికొనవలెను. ముగ్గురి వ్యాధి పేరొక్కటే. ఒకరి కాగితమును ఇంకొకరి చేతికిచ్చినచో ముగ్గురును చెడుదురు.

బోస్టను నగరపు ఎలియట్ జోస్లిన్ అను ప్రసిద్ధ వైద్యుఁడు ఈ చికిత్సను మూఁడు గుఱ్ఱముల రథముతోఁ బోల్చెను. ఆహారము, ఇన్సులిను, వ్యాయామము అనునవి ఆ గుఱ్ఱములు. పగ్గములు పట్టువాఁడు రోగి. అందుచే ఆయన రోగులను విద్యార్థులవలెఁ గూర్చుండఁబెట్టి పాఠములు చెప్పించెడివాఁడు.

కొలత పుస్తకము

పగ్గములు పట్టువానికి దారి కనఁబడవలెను. ఒకప్పుడు ఇంట నెత్తురును కొలుచుకొను సాధనమే లేదు. అమెరికాలో రిచర్డు బెర్న్‌స్టయిను అను ఇంజనీరుకు 1946లో, పండ్రెండవ యేట, మొదటి రకపు మధుమేహము వచ్చెను. ముప్పదియేండ్లు దాఁటునప్పటికే వ్యాధివలని ఉపద్రవములు ఆయనను బట్టి పీడించుచుండెను. 1969లో వైద్యురాలైన తన భార్య పేర, ఆసుపత్రులకు మాత్రమే అమ్మబడుచుండిన కొలత యంత్రమును దెప్పించుకొని, దినమునకుఁ బలుమాఱులు నెత్తురు పరీక్షించుకొని, ఏది తిన్న నెంత పెరుగునో, ఎంత మందునకు నెంత తగ్గునో వ్రాసికొనెను. అట్లు తన పద్ధతిని తాను సాధించి, నలువదియైదవ యేట వైద్యకళాశాలలోఁ జేరి డాక్టరై, 2025లో తొంబదియేండ్ల ప్రాయమునఁ గాలధర్మము నొందెను. ఆయన పాటించిన ఆహారనియమము అందఱికిఁ దగునని మేము చెప్పము. కొలిచి, వ్రాసి, ఆలోచించిన ఆయన విధానము మాత్రము అందఱికిఁ దగును.

ఆ విధానము మన యిండ్లలో నిట్లు సాగింపవచ్చును. ఒక కాపీ పుస్తకములో నాలుగు గళ్ళు గీయవలెను: తేదీ, భోజనమునకు ముందు చక్కెర, ఏమేమి యెంత తింటిమి, తినుట మొదలిడిన రెండు గంటలకు చక్కెర. ముందు వెనుకల అంకెల భేదమే ఆ భోజనమునకు శరీరము చెప్పిన సమాధానము. పరీక్షా పట్టీలకు డబ్బగును గనుక ప్రతిదినము చేయనక్కఱలేదు. రెండవ రకము వారు పక్షమునకు మూఁడు దినములు, జంటగాఁ బరీక్షించుకొన్నను ఎంతో తెలియును. ఇన్సులిను వేసికొనువారు మాత్రము వైద్యుఁడు చెప్పినన్ని మాఱులు చూచుకొనవలెను.

ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. ఇది ముఖ్యమైన సూత్రము. అన్నము తగ్గించి, నడక పెంచి, క్రొత్త కషాయము త్రాగి, ఆ మూఁడింటి ఫలితమును ఒక్క అంకెలో వెదకినచో ఏది మేలు చేసినదో యెవ్వఁడును చెప్పలేఁడు. మన సైన్సు తరగతిలోని ప్రయోగమునకు ఏ నియమమో దీనికిని అదియే నియమము. ఉదాహరణమునకు, ఒక తల్లి మూఁడు గరిటెల యన్నమును పప్పుతోఁ దిన్నప్పుడు చక్కెర 130 నుండి 240కి పెరిగినదనుకొందము. మఱుసటి వారము అదే పప్పుతో రెండు గరిటెల యన్నమును, గోరుచిక్కుడు కూర యెక్కువగాను దిన్నచో 128 నుండి 185కే పెరిగినదనుకొందము. పెరుగుదల 110 నుండి 57కు దిగినది. రెండు మూఁడు మాఱులు అట్లే వచ్చినచో ఆమెకు రెండు గరిటెలు తగుననుట నిశ్చయము. ఇది యే పుస్తకమునను దొరకని జ్ఞానము. ఆమె వంటింట పుట్టినది. సామాన్యముగా భోజనమునకు ముందు 80 నుండి 130 వఱకును, తరువాత 180కి లోపలను ఉండుట లక్ష్యము. ముసలివారికిని ఇతర రోగములు గలవారికిని వైద్యులు ఈ హద్దును సడలింతురు.

మన పళ్ళెము

మిరపకారము చక్కెరను బెంచదు. అయితే మన ప్రాంతపు పచ్చడి యన్నమును రప్పించుకొనును. కారము హెచ్చిన కొలఁది ముద్దలు హెచ్చును. కావున పచ్చడిని మానుటకంటె అన్నమును ముందుగా గరిటెతోఁ గొలిచి పెట్టుకొనుట సులభము. మొదట కూరయు పప్పును కొంత తిని, పిదప అన్నమును దిన్నచోఁ బెక్కుమందికి చక్కెర మెల్లఁగాఁ బెరుగును. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము మేలే గాని అవియు పిండిపదార్థములే, కొలత తప్పదు. మెత్తగా విసరిన రాగిపిండి జావగాఁ ద్రాగినచో కొందఱికి అన్నము వలెనే త్వరగాఁ బెంచును. తాటిబెల్లము, తేనె చక్కెరతో సమానములే. మామిడిపండు, సపోటా, సీతాఫలము విషయమున తగవులాడుట కంటె ఒక చిన్న ముక్క తిని రెండు గంటలకుఁ గొలిచి చూచుట మేలు. క్రిస్మసుకు వండు అరిసెలకును ఇదే న్యాయము.

తిండితో పాటు కండరములకుఁ బని యుండవలెను. పనిచేయు కండరము ఇన్సులిను కొఱతగా నున్నను చక్కెరను లోనికిఁ దీసికొనును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఫిస్కుతోఁ గలసి కండరముల శక్తికి మూలములైన పదార్థములను వెల్లడించిన సంగతి మన విద్యార్థులు గర్వముతో స్మరింపఁదగినది. చెన్నపురి వైద్యులు 2006లోఁ బ్రకటించిన పరిశీలనలో, వ్యాధి పూర్వస్థితిలోనున్న 531 మందిని మూఁడేండ్లు గమనించిరి. ఏ మార్పును చేసికొనని వారిలో నూటికి 55 మందికి మధుమేహము రాఁగా, తిండిని నడకను చక్కపఱచుకొన్న వారిలో 39 మందికే వచ్చినది. ఇంగ్లాండు, స్కాట్లాండు దేశములలో 2017లోఁ బ్రకటింపఁబడిన మఱియొక పరిశీలనలో, వ్యాధి వచ్చి ఆఱేండ్లకు మించని వారు వైద్యుల పర్యవేక్షణమున బరువు బాగుగాఁ దగ్గింపఁగా, ఏడాదికి వారిలో నూటికి 46 మందికి మాత్రల యవసరము లేకయే చక్కెర హద్దులో నిలిచినది. ఇది రెండవ రకమునకే వర్తించును. అందఱికిని సాధ్యము కాదు. తగ్గినవారును ఏటేటఁ బరీక్షించుకొనుచుండవలెను.

స్వంత పద్ధతికి హద్దులు

తన పద్ధతి యనఁగా తన యిచ్ఛ యని యర్థము కాదు. కొన్ని విషయములలో ఎన్నికకుఁ దావు లేదు.

మొదటిది, మందు మానుట. ఇంగ్లాండులో రమారమి 5,000 మందితో జరిగి 1998లో వెల్లడియైన గొప్ప పరిశీలనలో, చక్కెరను బిగువుగా నదుపులో నుంచుకొన్న వారికి కన్నులు, మూత్రపిండములు మొదలగువాని సూక్ష్మనాళముల హాని నాలుగవ వంతు తగ్గినది. మెట్‌ఫార్మిను అను మాత్రకు మూలమైన జ్ఞానము గలేగా అను మొక్క నుండియే వచ్చినది. ఆ మొక్కలోని సారము నేరుగా వాడఁదగినది కాదు. దానికి సంబంధించిన పదార్థములను పరిశోధించి, మోతాదు నిర్ణయించి, ఫ్రాన్సు దేశపు జాన్ స్టెర్ను 1957లో రోగులకు వాడిన ఫలితములను బ్రకటించెను. మొక్క నుండి వచ్చినదనుట చాలదు. ఎంత, ఎవరికి, ఏ యపాయముతో అను ప్రశ్నలకు సమాధానముండవలెను. సంతలో నమ్ము పొడికి ఆ సమాధానములు లేవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పరీక్షయు, సామాన్య మాత్రలును ఉచితముగా దొరకును. వేలు పోసి పొడులు కొనుట అప్పునకును, కన్నుల చేటునకును దారి.

రెండవది, పాదములు. చిరకాలము చక్కెర హెచ్చుగా నున్నవారికి పాదములలో స్పర్శ తగ్గును. నల్లరేగడిలో పత్తిమోడు గ్రుచ్చుకొన్నను, తుమ్మముల్లు దిగినను తెలియదు. చేనికిఁ జెప్పులు లేక పోరాదు. ప్రతిరాత్రి దీపము దగ్గఱ పాదములు చూచుకొనవలెను. చూపు ఆననివారికి మనుమఁడో మనుమరాలో చూచి చెప్పవలెను. పుండు పడినచో మఱునాఁడే వైద్యునికిఁ జూపవలెను. ఏటికొక మాఱు కన్నులు, మూత్రపిండములు పరీక్షింపించుకొనవలెను.

మూఁడవది, ఇన్సులిను భద్రము. మన ఎండలలో అది చెడిపోవును. తెఱవని సీసాలను ఫ్రిజ్జులో, మంచుగడ్డ కట్టు అఱలోఁ గాక, ఉంచవలెను. ఫ్రిజ్జు లేనివారు పెద్దకుండలోఁ దడియిసుక పోసి, దానిలో నొక చిన్నముంతను నిలిపి, ముంతలో సీసానుంచి మూఁతపెట్టి నీడను నుంచిన చల్లఁగా నుండును.

నాల్గవది, ఉపవాసము. శ్రమదినములలో మన సంఘములవారును, రంజాను మాసమున మహమ్మదీయ సోదరులును ఉపవాసముందురు. ఇన్సులిను గాని, చక్కెరను బడవేయు మాత్రలు గాని తీసికొనువారు ముందుగా వైద్యుని సంప్రదింపక ఉపవాసముండరాదు. ఆరోగ్యమును గాపాడుకొనువాని భక్తికి లోపము లేదు.

బడిలోని బిడ్డ

ఒక బిడ్డ మాటిమాటికి నీరు త్రాగుచు, తఱచు మూత్రమునకుఁ బోవుచు, బాగుగాఁ దినుచునే చిక్కిపోవుచున్నచో దిష్టి యని యూరకుండరాదు. ఆ దినముననే చక్కెర పరీక్ష చేయింపవలెను. వాంతులు, ఆయాసము, మత్తు తోడైనచో గంటలు కూడ విలువైనవి. వెంటనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను.

వ్యాధి యున్నదని తెలిసిన పిదప తల్లిదండ్రులు దానిని దాఁచుట కద్దు. ఆఁడుపిల్ల యైనచో పెండ్లి జరుగదను భయముచే మఱింత దాఁతురు. దాఁచిన బిడ్డ బడిలో సూది వేసికొనలేదు, పరీక్షించుకొనలేదు. ఒక మధ్యాహ్నము తరగతిలోఁ బడిపోయినచో ఏమి చేయవలెనో ఎవ్వరికిని తెలియదు. ఎలిజబెత్ హ్యూస్ జీవితమును పైన వ్రాసితిమి. ఆమెకు మందు నేఁటికంటెఁ జాల మోటుగా నుండెను; అయినను గృహిణియు, తల్లియు నయ్యెను. కావున తల్లిదండ్రులు తరగతి యుపాధ్యాయునకైనను చెప్పవలెను. ఉపాధ్యాయులు అట్టి బిడ్డను నీటికిని, మరుగుదొడ్డికిని, అవసరమైనప్పుడు తినుటకును అడ్డు చెప్పక పంపవలెను.

చక్కెర 70కి దిగినచో చెమట, వణఁకు, ఆఁకలి, చికాకు, మాట తడఁబాటు కలుగును. అల్లరి యని దండింపరాదు. వెంటనే మూఁడు చెంచాల చక్కెరను నీటిలోఁ గలిపి త్రాగింపవలెను. పదునైదు నిమిషములకు మఱల కొలిచి, ఇంకను తక్కువగా నున్నచో మఱల ఇవ్వవలెను. తేఱుకొన్న పిదప అన్నము పెట్టవలెను. స్పృహ లేనివారి నోటిలో నేమియుఁ బోయరాదు. పక్కకుఁ దిప్పి పరుండఁబెట్టి 108 వాహనమును బిలువవలెను. పెద్దలకును ఇదే విధి. ప్రతి తరగతి బల్ల సొరుగులోను చక్కెర పొట్లమొకటి యుండుట మంచిది. దాని వెల స్వల్పము.

విద్యార్థులారా! ఈ సంచిక మీ యింటికిఁ జేరిన దినముననే మీ యింటి పెద్దలలో ముప్పదియేండ్లు దాఁటినవారు ఎన్నఁడైనను చక్కెర పరీక్ష చేయించుకొనిరేమో యడుగుఁడు. చేయించుకొననివారిని దగ్గఱి ఆరోగ్య కేంద్రమునకు వెంటఁబెట్టుకొని పొండు. వ్యాధి యున్నవారికి మీ పాత కాపీ పుస్తకములలోని వాడని కాగితములను కుట్టి, నాలుగు గళ్ళు గీసి యిండు. మొదటి పక్షము అంకెలను మీరే వ్రాయుఁడు. వైద్యుని యొద్దకుఁ బోవునప్పుడు ఆ పుస్తకమును మఱువక తీసికొని పోవలెను. దానిని జూచిన వైద్యుఁడు పది నిమిషములలోనే ఆ యింటికిఁ దగిన సలహా చెప్పఁగలఁడు.